మా పులిహోరని ఇల్లు మార్చిన ప్లాస్టిక్ డబ్బా: ఆరు నెలలు వాడాక

పేరు చూసి తిండి రివ్యూ అనుకుని వచ్చినవాళ్ళుంటే సారీ, పులిహోర మా పిల్లి. పసుపు ఒంటి మీద ముదురు చారలు, ముక్కు దగ్గర ఆవాలు చల్లినట్టు నాలుగు చుక్కలు, అందుకే ఆ పేరు, ఇంట్లో మాత్రం పులి అనే పిలుస్తాం. పాత ఇంట్లో పక్క పోర్షన్ కన్నడ ఆంటీ పుళియోగరె అనేది, దానికీ పలికేవాడు. నాలుగేళ్ళ మగ పిల్లి, 5 కిలోల 200 గ్రాములు, పుట్టి బుద్ధెరిగాక ఇంట్లోంచి బయటకి వెళ్ళింది టీకాలకి, ఆపరేషన్‌కి, అంతే.

పోయిన ఏడాది మున్నేకొళాలలో మా ఓనర్ గారు, కొడుక్కి పెళ్ళి కుదిరింది పోర్షన్ కావాలి అన్నారు, రెండు నెలల టైమ్ ఇచ్చారు. బెంగళూరులో ఇల్లు వెతకడం ఎలా ఉంటుందో మీకు తెలుసు, వెజ్జా నాన్ వెజ్జా, ఫ్యామిలీనా బ్యాచిలర్సా, అడ్వాన్స్ ఎన్ని నెలలు, ఇవన్నీ దాటాక చివర్లో మనం నెమ్మదిగా పిల్లి సంగతి తీస్తే అవతల ఫోన్ లో మౌనం. పద్నాలుగు ఇళ్ళు చూశాక రామమూర్తి నగర్‌లో ఒక ఆవిడ, పిల్లే కదా, ఎలుకలు పోతాయిలే అని ఒప్పుకుంది. మా పులి జీవితంలో ఎలుకని చూడలేదు. ఆ విషయం మేం చెప్పలేదు.

ఇల్లు దొరికింది, ఇప్పుడు వీణ్ణి తీసుకెళ్ళడం ఎలా అనేది అసలు సమస్య. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుంది అంటారు కదా, తల్లి నోట కరుచుకుని తిప్పినప్పుడు కిక్కురుమనని పిల్లే పెద్దయ్యాక మనం ఒక్క ఇల్లు మార్చేసరికి ఆకాశం విరిగి మీద పడ్డట్టు చేస్తుంది. ఎందుకంటే దానికి ఇల్లంటే గోడలు కాదు, వాసన. తలుపు అంచుకి, కుర్చీ కాలికి, మన మోకాలికి బుగ్గలు రుద్దుతుంది చూడండి, ముద్దు చేస్తోంది అనుకుంటాం గానీ బుగ్గల దగ్గర గ్రంథుల్లోంచి వచ్చే వాసన అంటించి ఇది నా చోటు, ఇక్కడ భయం లేదు అని గుర్తు పెట్టుకుంటోంది. కొత్త ఇంట్లో ఆ గుర్తు ఒక్కటి కూడా ఉండదు, పైగా పెయింట్ కంపు, ఫినాయిల్ కంపు. ఇదంతా మా వెటర్నరీ డాక్టర్ గారు చెప్పాకే నా బుర్రకెక్కింది.

ఈ ప్లాస్టిక్ డబ్బాకి ముందు పిల్లిని మోయడానికి నా దగ్గర ఒక బ్యాక్‌ప్యాక్ ఉండేది, వీపుకి తగిలించుకునేది, ముందు గుండ్రంగా గాజు బుడగలాంటి కిటికీ ఉంటుంది, ఫోటోల్లో పిల్లి వ్యోమగామిలా కనపడుతుంది, ఆ ఫోటో చూసే పడిపోయి ఆన్‌లైన్‌లో కొన్నా. కంపెనీ పేరు వద్దులెండి. కిందంతా మెత్తటి గుడ్డ కావడంతో 5 కిలోల పిల్లి కూర్చోగానే అడుగు జారిపోయి వాడు మూటలా ముడుచుకుపోయేవాడు, ఆ బుడగలోంచి బస్సులు, కుక్కలు, మనుషులు అన్నీ కళ్ళ ముందుకే వచ్చినట్టు కనిపిస్తాయి, దాక్కోడానికి మూల లేదు, పైగా లోపల ఉక్క. ఒకసారి క్లినిక్ బయట సర్వీస్ రోడ్డు మీద తలతో జిప్‌ని పొడిచి పొడిచి రెండు వేళ్ళ సందు చేసుకున్నాడు, తల బయటకొచ్చింది, భుజం కూడా వస్తుంటే నేను బ్యాగుని పొట్టకేసి అదుముకుని ఆటోవాళ్ళంతా చూస్తుండగా రోడ్డు మీదే చతికిలబడ్డా. ఆ బ్యాగులో ఇప్పుడు ఉల్లిపాయలు పెడుతున్నాం.

కాబట్టి ఈసారి గట్టి ప్లాస్టిక్‌ది కొన్నా, కమ్మనహళ్ళిలో ఒక పెట్ షాపులో, 2,650 రూపాయలు. ఇదే డిజైన్ నాలుగైదు పేర్లతో దొరుకుతోంది కాబట్టి పేరు కన్నా డిజైన్ చూసుకోండి. ముందు స్టీలు చువ్వల తలుపు, పైన ఇంకో తలుపు, పక్కల నాలుగు క్లిప్పులు, ఆ నాలుగూ ఊడదీస్తే పై సగం టోపీలా లేచి వచ్చేస్తుంది. ఈ మూడోదే ముఖ్యం, ఇది లేని క్యారియర్ ఎంత అందంగా ఉన్నా కొనకండి. మామూలుగా క్లినిక్‌లో ఏం జరుగుతుంది, డబ్బా ముందు తలుపు తీసి రారా రారా అంటాం, వాడు వెనక గోడకి అతుక్కుపోతాడు, చివరికి డబ్బాని నిలువునా ఎత్తి కందిపప్పు గుమ్మరించినట్టు గుమ్మరిస్తాం. దీంట్లో పై సగం తీసేస్తే వాడు తన దుప్పటి మీద తను కూర్చునే ఉంటాడు, డాక్టర్ అక్కడే చూసేస్తారు, టెంపరేచర్ చూసినా సూదేసినా కింది సగంలోనే. సైజు సంగతికొస్తే, పిల్లి లోపల నిలబడి వెనక్కి తిరగగలగాలి, అంత చాలు, మరీ పెద్దది కొంటే మలుపుల్లో లోపల అటూ ఇటూ జారుతుంది.

షాపతను ఒక మాటన్నాడు, మేడమ్ డబ్బాని అటక మీద పెట్టకండి అని. నాలుగేళ్ళుగా నేను చేసింది అదే మరి. బ్యాగు అటక మీంచి దిగిందంటే సూది అని వాడికి లెక్క, దింపిన చప్పుడు వినగానే మంచం కింద గోడ మూలకి. ఈసారి కొన్న రోజే పై సగం ఊడదీసి కింది సగాన్ని హాల్లో వాడు ఎండలో పడుకునే చోట పెట్టేశా, లోపల మా అమ్మ పాత నేత చీర నాలుగు మడతలు. ఏమీ పిలవలేదు, ఎత్తి కూర్చోబెట్టలేదు, దాని వైపు చూడను కూడా చూడలేదు. మొదటి రెండు రోజులు చుట్టూ తిరిగి వాసన చూశాడు. మూడో రోజు ఉప్పు వేయకుండా ఉడికించిన చికెన్ ముక్క అంచు మీద పెడితే మెడ చాచి ముందు కాళ్ళు రెండూ లోపల పెట్టి వెనక కాళ్ళు మాత్రం బయటే ఉంచి తిన్నాడు, పారిపోడానికి రెడీగా. ఐదో రోజు మధ్యాహ్నం మీటింగ్ మధ్యలో చూస్తే అందులో గుండ్రంగా చుట్టుకుని పడుకుని ఉన్నాడు. అప్పుడు పై సగం బిగించా, మళ్ళీ రెండు రోజులు అలక. తర్వాత తలుపు పెట్టా గానీ మూయలేదు, తర్వాత మూసి ఐదు అంకెలు లెక్కపెట్టి తీశా, తర్వాత ఒక నిమిషం, తర్వాత ఎత్తి దించా, తర్వాత ఎత్తుకుని మెట్లు దిగి ఎక్కా. మొత్తం మూడు వారాలు పట్టింది. మధ్యలో మా ఆయన తొందరపడి ఒకరోజు తలుపు మూసేసి అలాగే మేడ మీదకి తీసుకెళ్ళాడు, సరదాగా అని, నాలుగు రోజుల పని పాడయ్యింది, మళ్ళీ చికెన్ ముక్క దగ్గర్నుంచి మొదలు.

నా మటుకు ఈ డబ్బాకి ఇచ్చిన డబ్బులు ఆ మూడు వారాల్లోనే వచ్చేశాయి. ప్రయాణం రోజు అది వాహనం కాదు వాడికి, వాడి వాసన నిండిన సొంత గది.

డాక్టర్ గారిని మత్తు మందు గురించి కూడా అడిగా. ఆయన గాబాపెంటిన్ అని మూడు క్యాప్సూల్స్ రాసి, ప్రయాణం రోజు మొదటిసారి ఇవ్వొద్దు, ముందు ఇంట్లో ఒక సెలవు రోజు ఇచ్చి ఎలా ఉంటాడో చూడండి, బయల్దేరడానికి రెండు గంటల ముందు వేయాలి అన్నారు. ఆదివారం ఇచ్చి చూశాం. సోఫా ఎక్కబోయి జారి పడి ఏమీ జరగనట్టు కాలు నాక్కున్నాడు, నడక మాత్రం పెళ్ళి ఊరేగింపు చివర్లో బాబాయిల నడక. సాయంత్రానికి మామూలైపోయాడు. చివరికి ప్రయాణం రోజు వాడలేదు, అవసరం రాలేదు, కానీ జేబులో ఉందన్న ధైర్యం నాకు బాగా పనిచేసింది. మా చుట్టాల్లో ఒకరు పిల్లలకిచ్చే జలుబు సిరప్ రెండు చుక్కలు వేయమని సలహా ఇచ్చారు, దయచేసి అలాంటివి చేయకండి, మనుషుల మందుల్లో చాలావాటిని పిల్లి ఒళ్ళు తట్టుకోలేదు, పారాసిటమాల్ అయితే పిల్లికి విషమే.

ఇక సామాన్లు సర్దే రోజు. ప్యాకర్స్ వాళ్ళు ఐదుగురొచ్చారు, కంపెనీ పేరు చెప్పను, పని చురుగ్గానే చేశారు గానీ తలుపు మూయడం అనే అలవాటు ఏ ఒక్కరికీ లేదు. బ్రౌన్ టేపు చర్రుమని లాగే చప్పుడుంది చూడండి, అది వాడికి టపాకాయతో సమానం. నేను పొద్దున్నే వాణ్ణి బాత్రూంలో పెట్టి, డబ్బా, లిట్టర్ ట్రే (వాడు ఒంటికీ రెంటికీ వెళ్ళే ఇసుక ట్రే), నీళ్ళు అన్నీ లోపలే పెట్టి, తలుపు మీద పిల్లి ఉంది తీయొద్దు అని కన్నడలో, హిందీలో రాసి అంటించా. కాలు కాలిన పిల్లిలా ఇంట్లో తిరిగింది నిజానికి నేను. పది దాటాక వంటింట్లో గ్లాసులు లెక్కపెడుతుంటే బాత్రూం వైపు నుంచి డ్రిల్లు చప్పుడు. గీజర్! గీజర్ విప్పాలి కదా, అది బాత్రూంలోనే ఉంటుంది కదా, ఆ సంగతి నా ప్లాన్‌లో లేనే లేదు. పరిగెత్తుకెళ్తే తలుపు బార్లా తీసి ఉంది, ఒకబ్బాయి స్టూలెక్కి బోల్టులు విప్పుతున్నాడు, అంటించిన కాగితం కింద తడిలో పడి ఉంది. నా గుండె ఒక్కసారి ఆగి మళ్ళీ కొట్టుకుంది. వంగి చూస్తే పులిగాడు డబ్బాలో, వెనక మూలన, అమ్మ చీర కింద తల దూర్చి కూర్చుని ఉన్నాడు. ముందు తలుపు తెరిచే ఉంది. బయటకి దూకడానికి దారి పూర్తిగా ఉంది, ఇంటి గుమ్మం తెరిచి ఉంది, మూడో అంతస్తు మెట్లు, కింద రోడ్డు. అయినా వాడు దాక్కోడానికి ఎంచుకున్నది డబ్బానే. చెయ్యి వణుకుతూనే తలుపు వేసి గడియ నొక్కా, టిక్ అని వినపడింది. ఆ టిక్ నాకింకా గుర్తుంది.

మీరైతే గీజర్ ముందురోజే విప్పించేసుకోండి. లేదా పిల్లిని ఆ రోజుకి వేరే ఇంట్లో ఉంచండి.

ప్రయాణం మా ఆయన ఫ్రెండ్ కారులో. క్యాబ్ అయితే ఊబర్‌లో పెట్ అని విడిగా ఆప్షన్ ఉంది, అది మన దేశంలో 2024లో బెంగళూరులోనే మొదలైంది, మెట్రోలోకి మాత్రం పెంపుడు జంతువుల్ని రానివ్వరు. బయల్దేరే ముందు నాలుగు గంటలు తిండి పెట్టలేదు, వాంతి చేసుకోకుండా. డబ్బాని పై హ్యాండిల్ పట్టుకుని మోస్తే లోపల వాడికి ఉయ్యాలలా ఊగుతుంది, అందుకని అడుగున రెండు చేతులు వేసి బిందె ఎత్తుకున్నట్టు పొట్టకి ఆనించి దింపా. ముందు సీటు వెనకాల కాళ్ళు పెట్టుకునే చోట అంగుళం తేడా లేకుండా ఇరుక్కుంది, బ్రేకు వేసినా కదల్లేదు. పైన పలచటి తువ్వాలు కప్పా, తలుపు వైపు గాలి ఆడేలా కొంచెం వదిలి. మారతహళ్ళి దాటేదాకా ఒకటే అరుపు, అది మ్యావ్ కాదు, చిన్నపిల్లాడు అమ్మా అన్నట్టుంటుంది. మహదేవపుర దగ్గర మెట్రో పనుల చప్పుడు, టిన్ ఫ్యాక్టరీ దగ్గర ఎప్పటిలాగే బండి కదిలితే ఒట్టు, అక్కడ వాసన వచ్చింది, పోసేశాడు పాపం. చీర కింద కుక్కపిల్లల ప్యాడ్ ఒకటి పరిచి ఉంచా కాబట్టి కారుకి ఏమీ కాలేదు, డబ్బా అడుగున అంచు కాస్త పైకి ఉండడంతో ఒక్క చుక్క బయటకి రాలేదు. పది కిలోమీటర్లకి గంటా పది నిమిషాలు. నోరు తెరిచి కుక్కలా రొప్పితే మాత్రం ఆపి చూడండి, ఫోన్ చేయండి అని డాక్టర్ చెప్పి ఉన్నారు, ఆ అవసరం పడలేదు.

కొత్త ఇంటికి ముందురోజే వెళ్ళి ఒక గది సిద్ధం చేసి ఉంచాం. మా అమ్మ ఒంగోలు నుంచి పాలు పొంగించడానికొచ్చింది, ముహూర్తం తెల్లారుజామున 5 గంటల 40 నిమిషాలకి, ఆవిడ గొడవేంటంటే పాలు పొంగకముందు పిల్లి గడప దాటకూడదు. ఆవుని తిప్పాల్సిన ఇంట్లోకి పిల్లిని తెస్తున్నారు అని గొణుక్కుంటూనే వాడికని పెరుగు పక్కన పెట్టింది. వాడు మధ్యాహ్నం దాటాక కదా వచ్చేది, గొడవ దానంతటదే తీరిపోయింది. బాల్కనీకి నెట్ కూడా ముందే కట్టించాం, పావురాలకి వేసే సన్న నెట్ పిల్లి కొరికితే తెగుతుందని కట్టే అబ్బాయే చెప్పి కాస్త మందంది వేశాడు.

గదిలో ఏమేం పెట్టామంటే పాత లిట్టర్ ట్రే, కడక్కుండా, పాత ఇసుక రెండు గుప్పెళ్ళు అలాగే ఉంచి. వాడి గోళ్ళు గీరుకునే పీట. మా ఆయన ఉతకని టీషర్టు. ఇంకో పని కూడా చేశా, పాత ఇంట్లో వారం రోజులు ఒక మెత్తటి గుడ్డతో వాడి బుగ్గలు తుడిచి ఆ గుడ్డని ఈ గది తలుపు అంచులకి, మంచం కాళ్ళకి వాడి తల ఎత్తులో రుద్దా. అమ్మ చూసి, దిష్టి తీస్తున్నావా అంది.

ఇంకా ఫెలివే అని ప్లగ్‌లో పెట్టేది, అది కూడా తెప్పించా, ఎందుకంటే చాలామంది దాని గురించే అడుగుతారు. ఆ బుగ్గల వాసన ఉంది కదా, దాన్నే పోలినట్టు ల్యాబ్‌లో తయారు చేసింది, సేవా అనే ఫ్రెంచ్ కంపెనీది, మనకి వాసన ఏమీ తెలీదు, ఒక సీసా ఇంచుమించు 30 రోజులు వస్తుంది, 50 నుంచి 70 చదరపు మీటర్ల దాకా పనిచేస్తుంది అని దాని అట్టపెట్టె మీద ఉంటుంది. సోఫా వెనకో బీరువా వెనకో ఉన్న ప్లగ్‌లో పెట్టకూడదు, కిటికీలన్నీ బార్లా తీసి ఫ్యాను ఐదులో పెట్టి పనిచేయలేదు అంటే కుదరదు. వాడు రావడానికి ఒక రోజు ముందే ఆన్ చేశా. మూడో రోజు పొద్దున అమ్మ, ఈ మందు శుద్ధ దండగే, రాత్రంతా దోమలు కుట్టి చంపాయి అంది. అది దోమల మెషిన్ అనుకుని ఆవిడ దాని పక్కనే పక్కేసుకుంది! పనిచేసిందా అంటే నిజాయితీగా చెప్పాలంటే చెప్పలేను, గుడ్డ రుద్దా, డబ్బా అలవాటు చేశా, గది కట్టడి చేశా, ఇది పెట్టా, అన్నీ కలిపి చేసినప్పుడు ఫలానా దానివల్లే అని ఎలా అంటాం. డాక్టర్ గారు కూడా కొన్ని పిల్లుల్లో తేడా కనపడుతుంది, కొన్నింట్లో కనపడదు అనే అన్నారు. డబ్బులు ఒక్కదానికే ఉంటే డబ్బా కొనండి, ఇది తర్వాత.

గదిలో డబ్బా తలుపు తీసి నేను నేల మీద గోడకి ఆనుకుని కూర్చున్నా, ఫోన్ చూసుకుంటూ. గంటన్నర రాలేదు. ఆ రోజంతా తినలేదు. రాత్రి రెండింటికి కరకరమని చప్పుడు, కళ్ళు తెరవకుండా విన్నా, తింటున్నాడు. తిని మళ్ళీ డబ్బాలోకే వెళ్ళి పడుకున్నాడు. ఈ మొదటి రెండు మూడు రోజులు రెండే రెండు గమనించండి, ఒకటి తిండి, లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు అసలు ముట్టకపోతే లివర్‌కి కొవ్వు పట్టే జబ్బు రావచ్చు. రెండోది ట్రే, అందులోనూ మగ పిల్లి అయితే. దిగులుకి మూత్రసంచి వాయొచ్చు, వెళ్ళి కూర్చుని ముక్కుతూ చుక్క కూడా పోయకపోతే పొద్దున చూద్దాంలే అనుకోకుండా అర్ధరాత్రైనా డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి, దారి మూసుకుపోతే ఒకట్రెండు రోజుల్లో ప్రాణం మీదకొస్తుంది. నేను రోజూ ట్రేలో తడిసి గట్టిపడ్డ ఇసుక ఉండలు లెక్కపెట్టి వంటింటి క్యాలెండర్‌లో రాసేదాన్ని, అమ్మ అది పాల లెక్క అనుకుంది.

నాలుగో రోజు గది తలుపు వేలెడు సందు తీశాం. వారానికి హాలు. పదో రోజు పొద్దున కాఫీ పెడుతుంటే వంటింటి గడపకి బుగ్గ రుద్ది తోక నిలబెట్టి లోపలికొచ్చాడు, అంతే, ఇల్లు రిజిస్ట్రేషన్ అయిపోయింది.

ఇక డబ్బా లోపాలు. ఖాళీగానే ఒకటిన్నర కిలో, పిల్లితో కలిపి మోస్తే లిఫ్ట్ లేని ఇంట్లో నడుము పట్టేస్తుంది. ముందు తలుపు చువ్వలు పైనా కిందా రంధ్రాల్లో కూర్చుంటాయి, కింది చువ్వ సరిగ్గా పడకపోయినా పడినట్టే కనపడుతుంది, అందుకే వేశాక ఒకసారి వేలితో లాగి చూడాలి. పై తలుపు మీద హ్యాండిల్ ఉంది గానీ దాన్ని నమ్మకండి, 5 కిలోలు దాటిన పిల్లికి అది కిర్రుమంటుంది. రంగు లేత గులాబీ ఒక్కటే ఉంది షాపులో, మగాడికి ఇదేంటి అని మా ఆయన బాధ. సందుల్లో పట్టిన వెంట్రుకలు తీయడానికి పాత టూత్‌బ్రష్ కావాలి. పోయిన నెల క్లిప్పుల్లో ఒకటి విరిగింది, తప్పు నాదే, నాలుగూ తీయకుండా మూత లాగేశా. షాపులో అడిగితే విడిగా క్లిప్పులు రావు, కొత్తది కొనండి అన్నారు. ప్రస్తుతం ఆ మూల రెండు కేబుల్ టైలతో కట్టి ఉంది, వాడికేం పట్టింపు లేదు, ఇది రాస్తున్నప్పుడు కూడా అందులోనే పడుకుని ఒక కాలు తలుపు బయట వేలాడేసి ఉన్నాడు, ఈ క్లిప్పులు బెంగళూరులో ఎక్కడైనా విడిగా దొరుకుతాయేమో తెలిస్తే కాస్త చెప్పండి.